బోర్డులో లేని మాట

ఆ ఆదివారం నంద్యాలలోని మా కోచింగ్ సెంటర్‌లో ఉదయం బ్యాచ్‌కీ, సాయంత్రం బ్యాచ్‌కీ పోటీ. సాయంత్రం బ్యాచ్‌లో అందరూ ఇంజినీర్లే. మా ఉదయం బ్యాచ్‌లో పనులకు పోయేముందు వచ్చి చదువుకునే ఆడవాళ్లం ఎక్కువ. మాలో హుసేన్‌బీ రవికెలు కుడుతుంది. మూడేళ్లుగా బ్యాంకు పరీక్షలు రాస్తోంది. క్లాసులో ఎన్నడూ నోరు విప్పి ఎరుగదు.

పాయింట్లు పంతొమ్మిదీ పంతొమ్మిదీ. మిగిలింది ఒక్కటే ప్రశ్న.

మద్దిలేటి సార్ తాను రాసిన పుస్తకం తెరిచి చదివారు. "ఒకాయన ఇంటి ముందర బోర్డు కట్టినాడు: 'గది అద్దెకు ఇవ్వబడును, బ్యాంకు ఉద్యోగులకు మాత్రమే.' దీంట్లో దాగున్న ఊహ ఏది? ఒకటి, బ్యాంకోళ్లు మర్యాదస్తులు. రెండు, బ్యాంకోళ్లలో ఎవరికో ఒకరికి గది కావాల్సి ఉండొచ్చు."

"రెండూ సార్!" సాయంత్రం బ్యాచ్ నాయకుడు వంశీధర్ ఎగిరి లేచాడు.

సార్ వెనక పేజీలో జవాబు చూశారు. "కరెక్ట్."

వాళ్లు బల్లలు దద్దరిల్లేలా చరిచారు. "ఇంగ పోయి గుండీలు కుట్టుకోండక్కా!" అని ఎవడో అరిచాడు.

"సార్, తప్పు."

లేచి నిలబడింది హుసేన్‌బీ.

"ఈ బుక్కు రాసిందెవరనుకుంటివమ్మా?"

"మీరే సార్. అయినా తప్పే."

గది గొల్లుమంది. ఆమె ఆగలేదు.

"మా అత్త గూడా ఇట్లే బోర్డు కట్టి బ్యాంకోళ్లకే గది ఇస్తది సార్. ఏంటికంటే వాళ్లు పొద్దున పోతే మాపటికి గానీ రారు, కుళాయి నీళ్లు మాకు మిగులుతాయి. బ్యాంకోళ్లందరూ పోట్లాటగాళ్లే అనుకోండి, అయినా ఆ బోర్డు తీయదు. అదే, ఏ బ్యాంకోడికీ గది అక్కర్లేదనుకోండి. అప్పుడు బోర్డు కట్టేదేంటికి? కాబట్టి దాగున్న ఊహ రెండోది ఒకటే."

వంశీధర్ ఊరుకోలేదు. "మరి బోర్డు చూస్తానే మర్యాద సంగతి మాకెట్ల తోచిందక్కా?"

"నీకు తోచిందిలే నాయనా. బోర్డులో ఆ మాట ల్యాదు."

సార్ పుస్తకం వంక చూశారు, ఆమె వంక చూశారు. ఆయన జేబులోంచి ఎర్ర పెన్ను తీసి జవాబు కొట్టేశారు.

"ఉదయం బ్యాచ్, ఇరవై!"

మేం వేసిన కేకలకు కింద టీకొట్టాయన పరుగెత్తుకొచ్చాడు. నేను హుసేన్‌బీని వాటేసుకుంటే ఆమె ముఖం వెలిగిపోయింది. సార్ అందరికీ ఉగ్గాని, బజ్జీలు తెప్పించారు. వంశీధర్ తన పొట్లంలోంచి ఒక బజ్జీ తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"బుధవారం ఈ పాఠం నువ్వే చెప్పాలమ్మా, రెండు బ్యాచ్‌లకూ," అన్నారు సార్.

"నేనా! నా వల్ల యాడయితది సార్?"

ఆమె మాట మా చప్పట్లలో మునిగిపోయింది. బుధవారం రానే వచ్చింది. హుసేన్‌బీ సుద్దముక్క పట్టుకుని రెండు గంటలు ఆపకుండా చెప్పింది.