డజనుకు జైలు లేదు

కాసినోలో రూలెట్ చక్రం తిప్పే పని నేర్పే బడిలో చేరి మూడు వారాలైందో లేదో, మాయెలిస్‌కి అత్తవారింట్లో మర్యాద పెరిగింది. పదిహేనో ఏట చదువు మానేసిన పిల్ల, చంకలో ఎనిమిది నెలల బిడ్డతో ముప్పై అయిదో ఎక్కం గడగడా అప్పజెబుతుంటే, మొగుడు లోయిక్ కూడా తినడం ఆపి విన్నాడు.

ఆ ఆదివారం అక్కడికి భోజనాలకి వెళ్ళినప్పుడు, ఆమె బడికెళ్ళే రోజుల్లో బిడ్డని చూసుకునే అత్తగారు ఒడెట్ అడిగింది. "సున్నా పడితే అందరి డబ్బూ ఊడ్చేస్తారటగా?"

"లేదత్తయ్యా. మన దగ్గర పందేన్ని జైల్లో పెడతారు, అంటే బల్ల మీదే ఆపుతారు. మళ్ళీ తిప్పినప్పుడు మీది పడితే మీ డబ్బు మీకు వదిలేస్తారు."

"ఏ పందెమైనానా?"

మాస్టారిచ్చిన కాగితంలో ఆ మాట కింద ఇంకో నాలుగు వరుసలున్నాయి. వాటిలో భిన్నాలు కనబడేసరికి ఆమె చదవకుండా దాటేసింది. ఇప్పుడేమో అందరూ తనవైపే చూస్తున్నారు.

"ఏదైనా," అంది.

మాయెలిస్‌కి బడి లేని బుధవారం మధ్యాహ్నం ఒడెట్, చెవి మిషను కోసం కూడబెట్టిన ఆరువేల ఫ్రాంకులూ పట్టుకుని కాసినోకి వెళ్ళింది. సాయంత్రం కొడుకూ కోడలూ వచ్చినప్పుడు వంటింట్లో చిక్కుడుకాయలు ఒలుస్తూ ఆ సంగతి తనే చెప్పింది. నడిమి డజను మీద, పదమూడు నుంచి ఇరవై నాలుగు దాకా, మొత్తం పెట్టేసిందట. పడితే రెండింతలు. పడింది సున్నా.

"చక్రం తిప్పేవాడు నా డబ్బు కర్రతో లాగేస్తుంటే, 'జైల్లో పెట్టవా బాబూ?' అన్నాను. 'డజనుకు జైలు లేదు మేడమ్. ఎరుపూ నలుపూ, సరీ బేసీ, అట్లాంటి వాటికే' అన్నాడు. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు ఒకటే నవ్వు."

"ఇది చెప్పే ఉంటుందమ్మా," అన్నాడు లోయిక్. "నీ చెవి సంగతి తెలిసిందేగా. చెవికని దాచింది చెవే మింగింది."

"నేనూ అదే అనుకున్నాన్రా. అమ్మాయి చెప్పిన దాంట్లో సగమే విన్నట్టున్నాను."

మాయెలిస్ బిడ్డ మూతి తుడుస్తోంది. తుడిచిన మూతినే మళ్ళీ తుడిచింది. నోరు మూసుకుంటే చాలు, తప్పు ఆ ముసలి చెవి మీదికి పోతుంది. మర్యాదా నిలుస్తుంది. బిడ్డని భుజాన వేసుకుని పక్క గదిలోకి పోయింది. గుమ్మం దాటాక అత్తగారి గొంతు వినబడింది. "ఇకనుంచి దాని ఎదురుగా కూర్చుని పెదాలు చూస్తూ వినాలి."

మాయెలిస్ వెనక్కొచ్చింది.

"మీరు సరిగ్గానే విన్నారత్తయ్యా. ఏదైనా అని నేనే అన్నాను. నాకు తెలీదు. ఆ కాగితం నాకర్థం కాలేదు."

లోయిక్ నవ్వు సగంలో ఆగిపోయింది. "మరి పరీక్షలో ఏం చెప్తావే?"

ఆమె బిడ్డని ఇంకో భుజానికి మార్చుకుంది.

ఒడెట్ చిక్కుడు గింజల గిన్నె బల్ల మీద బోర్లించింది. "కూర్చో. చక్రం మీద అంకెలెన్ని?"

"సున్నాతో కలిపి ముప్పై ఏడు."

"అంకెకో గింజ పెట్టు. ఇప్పుడొకటి గెలిచింది. ఎంతిస్తారు?"

"ముప్పై అయిదు. పెట్టిన గింజ కూడా మనదే. ముప్పై ఆరు."

మాయెలిస్ ముప్పై ఆరు గింజలు లెక్కపెట్టి ఇటు లాక్కుంది. అటు, కాసినో వైపు, ఒక గింజ మిగిలింది. ఎక్కం అప్పజెప్పిన ఇన్నాళ్ళలో ఆమెకది కనబడలేదు.

"డజన్లలోనూ ఇంతేనా?"

"మూడు డజన్లూ నింపినా సున్నా బయటే ఉంటుంది. ఇంతే." కాసేపు ఆలోచించి, గింజని గోటితో చీల్చింది. "జైలున్న చోట వాళ్ళకి సగం. దాదాపు."

"ఈ ఒక్క గింజ మీదేనా అంత మేడ కట్టారు?"

"నా జీతం కూడా అందులోంచే అత్తయ్యా."

ఆ మాట పైకి వచ్చాక ఆమె తలెత్తలేకపోయింది. తిట్టినా బాగుండేది. ఒడెట్ చేతులు నడుముకి కట్టుకున్న గుడ్డకి తుడుచుకుని, బిడ్డని అందుకుంది.

"రేపు వీణ్ణి ఎన్నింటికి తెస్తావు?"

"ఎనిమిదింటికి," అంది మాయెలిస్. వినబడలేదేమోనని, ఈసారి ఆమె ముఖంలోకి చూస్తూ మళ్ళీ చెప్పింది.