ఉట్టిలో ఫోను

భాద్రపదమాస మధ్యాహ్నము. ఆకాశమంతయు నేకఖండమైన నీలమేఘముచే నావృతమై సూర్యుడెచ్చట నున్నాడో తెలియరాక కోళ్ళు సాయంకాలమైన దనుకొని గంపలక్రిందికి జేరుచుండగా, మన్యపుకొండలనుండి యురికివచ్చిన వర్షజలము ఎఱ్ఱమట్టిని గలుపుకొని వెదురుబొంగులను దొర్లించుకొని పోతులవాగును గట్టులొరయునట్లు నింపి, దాటువారి కాధారమైన చప్టాను మ్రింగి, కంకరమెట్ట గ్రామమును లోకమునుండి వేఱుచేసి ఘోషించుచుండెను. వేసవిలో మేకపిల్లలు సైతము మోకాలు తడియకుండ దాటునట్టి యా వాగును ఆనాడు చూచినవారికి గుండెలలో రాయిపడుచుండెను.

అట్టి వేళ నా గ్రామమున నొక పెంకుటింటి వసారాలో నూకరత్నమను నడివయసు ఇల్లాలు చూరునుండి వ్రేలాడు నుట్టివంక మెడ నిక్కించి చూచుచు నిలుచుండెను. వెన్నకుండల కాలవాలమైన యా యుట్టిలో నాడు వెన్నయు లేదు పెరుగును లేదు. ఆమె కుమారుడు సత్తిబాబు ఫోను మాత్రము గలదు. లోపలి గదిలో నామె కోడలు లోవకుమారి నెలలు నిండకమునుపే తొలికాన్పు నొప్పులు పడుచుండెను. గర్భమందలి శిశు వెదురుకాళ్ళతో వచ్చుచున్నదని గ్రామపు నర్సు కరుణమ్మ చేయి తగిలించి చూచి చెప్పినది మొదలు నూకరత్నము నోట తడియారిపోయెను.

కరుణమ్మ నేర్పరియే గాని యెదురుకాళ్ళ కాన్పును పాఠములలో వినుటయే తప్ప స్వహస్తములతో జేసి యెఱుగదు. అంబులెన్సు చప్టా దాటి రాజాలదు. దానిని కొండదారిన త్రిప్పి తెచ్చుటకు సత్తిబాబు పొరుగువాని మోటారుసైకిలు మీద వెడలియుండెను. ఇక మిగిలిన యుపాయ మొక్కటియే. సర్కారువారు కరుణమ్మకిచ్చిన పలకవంటి ట్యాబులో పట్టణపు వైద్యురాలు కనబడి, చూచి, చేయవలసినదానిని చెప్పగలదు. అయితే ఆ ట్యాబునకు దనంత దానుగా నెట్టును బట్టు శక్తి లేదు. సత్తిబాబు ఫోను ఆవలిగట్టు టవరునుండి నెట్టును గ్రహించి తీగలేకయే ట్యాబున కందీయవలెను. ఆ ఫోనుకైనను సిగ్నలు దొరకునది యింటిల్లిపాదిలో నా చూరుక్రింద నుట్టియంత యెత్తున మాత్రమే. అందులకే సత్తిబాబు దానిని తల్లికప్పగించి పోయెను.

కాన్పుగదికి బోవుచు కరుణమ్మ ద్వారమునొద్ద నాగి చెప్పిన మాట లింకను నూకరత్నము చెవులలో మెదలుచుండెను.

"పిన్నిగారూ, ఈ ఫోన్లోంచే నా ట్యాబ్‌కి నెట్టొస్తందండి. పాత ఫోను గదా, ఎవరన్నా ఫోన్ చేశారంటే నెట్టాగిపోద్ది, డాక్టరమ్మ కనబడదు. మోగితే ఎర్రది నొక్కెయ్యండి. ఎవరైనా సరే ఎత్తకండి."

ఆ ఫోనున పిలుపులను రానీయక నిలుపు నుపాయ మేదేని యుండిన నుండవచ్చును. దానిని వెదకుటకు కరుణమ్మ చేతులు ఖాళీగా లేవు, నూకరత్నమునకు పచ్చది యెత్తుటకు ఎఱ్ఱది త్రోయుటకు ననునంతకుమించి తెలియదు.

తొలుత మ్రోగిన పిలుపు బంధువులది గాదు. ఫోనునకు పాట తగిలించుకొను మని మరబొమ్మవలె నిత్యము బోధించు కంపెనీవారి పిలుపది. నూకరత్నము దానిని తిట్టుకొని ఎఱ్ఱది నొక్కునంతలో లోపలినుండి కరుణమ్మ "బొమ్మాగిపోయిందండీ!" యని కేకవేసెను. వైద్యురాలి ముఖము మరల గనబడుదాక ట్యాబులో చిన్నచక్ర మొకటి తీరికగా దిరుగుచుండెనట. ఆ చక్రము తిరుగుట యాగువఱకు నూకరత్నము ఊపిరి యాగెను.

మనవారికి పరామర్శయనిన బ్రాణము. పురుడనగా విని యడుగకుండుట పాపమని పెంచినవారి బిడ్డలము. పొరుగూరి పెద్దమామగారు పిలిచెను, తునిలోని మేనత్త పిలిచెను, పెండ్లిలో పీటలు వేసిన దూరపుబంధు వొకడు సైతము పిలిచెను. వారందఱును క్షేమము గోరియే పిలిచిరి. కోరినకొలది క్షేమము తెగుచుండెను.

ఆ పిమ్మట ఫోనులో నొక ముఖము వెలిగెను. అది సత్తిబాబు అత్తగారైన మంగాదేవి ముఖము, పెండ్లినాడు తీయించిన పటములోనిది, నొసట బొట్టును ముక్కున పుడకయు నవ్వును గలది. నూకరత్నము వ్రేలు ఎఱ్ఱదానిమీద నిలిచెను. గుమ్మములోనికి వచ్చిన వియ్యపురాలి ముఖమున తలుపువేసిన ట్లామెకు దోచెను. అయినను నొక్కెను.

వారిరువురికిని మాటలు లేక రెండునెలలు దాటుచుండెను. తొలికాన్పు పుట్టినింట జరుగుట లోకాచారము. మంగాదేవి చలిమిడి దెచ్చి పిల్లను దీసికొనిపోవుదునని వచ్చినప్పుడు నూకరత్నము మూఢము సాకుజెప్పి పంపననెను. మూఢమను మాట నిజమే గాని యది మనసులోని మాట గాదు. ఊడ్పులు తలమీదికి వచ్చియుండెను. కూలీలకు వండివార్చుటకు కోడలి చేయి కావలసియుండెను. "శ్రావణంలో పంపుతాంలే" యని తేలికగా ననినది. శ్రావణము వచ్చినది, పోయినది, వాగును వచ్చినది. ఇప్పుడు జరుగరానిది జరిగినచో ఆ పాపము తన తలకే చుట్టుకొనునని నూకరత్నమున కెవరును జెప్పనక్కఱలేదు.

మంగాదేవి ముఖము మరల వెలిగెను. నొక్కెను. మరల వెలిగెను. నొక్కిన ప్రతిమారును లోపల వైద్యురాలు మాయమగుచుండెను, కరుణమ్మ గొంతు సన్నగిలుచుండెను, లోవకుమారి మూలుగు పెచ్చరిల్లుచుండెను.

ఇంతలో పొరుగింటి అప్పాయమ్మ కొంగు నెత్తిన గప్పుకొని వానలో బరుగెత్తివచ్చి వసారామెట్టుపై కూలబడెను.

"రత్నం, మీ వియ్యపురాలు అవతల గట్టుకొచ్చేసిందే! కేకలేత్తే ఇనబడదు గానీ, ఫోన్ చూపించి చూపించి గుండెలు బాదుకుంటంది, పిల్లకేదో అయిపోయిందనుకుంటందేమో. వాగులో దిగబోతంటే ఇద్దరు మొగోళ్ళు రెక్కలట్టుకుని ఆపుతున్నారు!"

నూకరత్నము అడకత్తెరలోని పోకచెక్కయయ్యెను. ఎత్తినచో నిచట కోడలికి దిక్కైన చూపు తెగును. ఎత్తకున్నచో నచట కోడలి తల్లి వాగు పాలగును. ఆమె గదిద్వారమునొద్దకు బోయి యీ సంగతి చెప్పి కన్నీళ్ళతో జూచెను. కరుణమ్మ ట్యాబువంక జూచినది, లోవకుమారివంక జూచినది.

"ఇప్పుడు నొప్పులు కాస్త తెరిపిచ్చినయ్యండి. మాటాడితే ఇప్పుడే మాటాడెయ్యండి. తొరగా."

ఫోను మ్రోగెను. నూకరత్నము తొలిసారి పచ్చదానిని నొక్కెను.

"వదినా, నేను, నూకరత్నాన్ని. పిల్ల బానే ఉంది. బిడ్డ ఎదురుకాళ్ళతో వస్తంది. పట్నం డాక్టరమ్మ ఈ ఫోన్లోంచే చూసి చెబుతంది. నువ్వు ఫోన్ చేసినప్పుడల్లా ఆవిడ మాయమైపోతంది. అందుకే ఎత్తలేదు వదినా, ఇంకోటీ ఇంకోటీ కాదు."

నూకరత్నము ఉట్టిత్రాడును బట్టుకొని మరల ననెను.

"ఇంకోమాట. మూఢం కాదు, పాడూ కాదు. ఊడుపుల్లో వండేవాళ్ళు లేక ఆపాను. తప్పు నాది. రేపు నన్నేమన్నా అను, పడతాను. ఇయ్యాళ మాత్రం ఫోన్ ముట్టుకోకు, నీళ్ళలో దిగకు. నీ కాళ్ళట్టుకుంటాను."

వాగుహోరు నడుమ మంగాదేవి గొంతు వినవచ్చెను. "నా పిల్ల బతకాలొదినా. నేనింక ముట్టుకోను."

ఫోను మూగవోయెను. లోపల చక్రము తిరిగి తిరిగి వైద్యురాలి ముఖము మరల గనబడినదని కరుణమ్మ చెప్పెను. నూకరత్నము ఉట్టిక్రింద నిలిచి యెదురుచూడ నారంభించెను. ఇంతవఱకు మ్రోగునేమో యని వణకిన దిప్పుడు మ్రోగకుండుటకే వణకుచుండెను. నోరుమూసుకొని యావలిగట్టున నున్న యా తల్లి నిజముగా గట్టుననే యున్నదా? అడుగుటకు వీలులేదు. అడిగిన దెగును.

గదిలోనుండి వైద్యురాలి కంఠము గాజుగిన్నెమీద గరిటె తగిలినట్లు సన్నగా వినబడుచుండెను. "కాళ్ళు కనబడ్డా లాగొద్దు కరుణా. ముట్టుకోకు. తల్లినే తొయ్యనీ. చేతులు వెనక్కి పెట్టుకో, బిడ్డ తనంతట తనే వస్తది." చేతులు గలిగియు చేయక నిలుచుట యెంత కష్టమో కరుణమ్మ యూపిరి తీయుటలోనే తెలియుచుండెను. నూకరత్నము తన రెండుచేతులను చంకలలో నదుముకొనెను. జన్మమంతయు దంచి, రుబ్బి, తోమి, యెత్తి, దించి యలవాటుపడిన చేతులకు పని యేమియు లేకపోవుట ఆమెకు మహాశిక్షగా నుండెను.

"ఇప్పుడు. ఇప్పుడు పట్టుకో. మెల్లిగా పైకి ఎత్తు. తల, తల వస్తంది."

లోవకుమారి పెట్టిన కేకకు చూరుమీది పావురము లెగిరిపోయెను. ఆ కేక తరువాత నేమియు వినబడలేదు. వాన పెంకులమీద కురియుచుండెను. శిశువు ఏడువలేదు. ఉట్టిని బట్టుకొన్న నూకరత్నము పిడికిలిలో త్రాడు బిగిసిపోయెను. తెలిసిన దేవతలందఱిని బిలిచినది, ఏ యొకరికిని మ్రొక్కుబడి పేరు జెప్పుటకు నోరు రాలేదు. "వీపు రుద్దు. ఇంకా రుద్దు," అనుచుండెను పట్టణపు కంఠము.

అంతట నొక పిల్లికూనవంటి సన్నని గొంతు లేచెను. తడబడెను, మరల లేచి యీ మారు కోపముతో నిల్లంతయు నిండెను.

"ఆడపిల్లండీ! ఇద్దరూ బాగున్నారండీ!"

నూకరత్నము వసారాలోనే కూలబడి యేడ్చెను. కరుణమ్మ చేతులు గడుగుకొని వచ్చి యుట్టిక్రింద నిలిచి మంగాదేవికి ఫోను చేసెను. మ్రోగుచునే యుండెను. ఎవరును ఎత్తలేదు. మరల జేసెను. ఎత్తలేదు.

"నువ్వు చేస్తానే ఉండు కరుణమ్మా," యని యామె వానలోబడి వాగువైపు పరుగెత్తెను. జారిపడినది, లేచినది. ముంచెత్తిన యెఱ్ఱనీటిలో చీరకొంగు లేమైన గనబడునేమో యని కండ్లు వెదకుచుండగా ఆవలిగట్టునకు జూచెను.

మంగాదేవి యచటనే యుండెను. గట్టుమీది రాతిపై గూర్చుండి రెండుచేతులతో ఫోనును రొమ్మున కదుముకొని తలవంచియుండెను. ఫోను వెలుగు చీరకొంగులోనుండి కనబడి మాయమై మరల గనబడుచుండెను. పక్కనున్న మగవా రెత్తుమని చూపుచుండిరి. ఆమె తల అడ్డముగా నూపుచుండెను. నూకరత్నము చేయి చెవియొద్ద బెట్టుకొని యెత్తుమని సైగచేసెను. మంగాదేవి యామెను జూచి మఱింత గట్టిగా దల యడ్డముగా నూపి ఫోనును కొంగులో జుట్టెను. ముట్టుకొనిన దెగునని చెప్పినది తానే గదా! మంగాదేవి మాట యిచ్చినది, ముట్టదు.

కేకవేసిన వాగుహోరులో గలిసిపోవును. నూకరత్నము క్షణమాలోచించి రెండుచేతులను గలిపి యెదుటికి జాచి శిశువు నెత్తుకొనినట్లు మెల్లగా నూపెను. ఇటు నూపెను, అటు నూపెను. వంగి యా చేతులలోని శూన్యమును ముద్దుపెట్టుకొనెను.

ఆవలిగట్టున మంగాదేవి లేచి నిలిచెను. కొంగు విప్పి ఫోనును తీసి భయపడుచు చెవియొద్ద బెట్టుకొనెను.

ఆపదలో నున్నవారిని బిలిచి యడుగుట ప్రేమయే గాని పిలువక యోర్చుకొనుట యంతకు కఠినమైన ప్రేమ. ఇంటిలో కరుణమ్మ ఉట్టిక్రిందికి శిశువును దెచ్చి ఫోనును దాని నోటియొద్ద పట్టియుండెను. వాగునొడ్డున నూకరత్నమునకు నీటిహోరు దప్ప నేమియు వినబడలేదు. ఆమె కొంగు పిండుకొనుట మఱచి ఆవలిగట్టున వదిన ముఖమును జూచుచు, ఆ ముఖములోనే మనుమరాలి యేడుపును వినుచు నిలుచుండెను.