నగారా కొట్టిన వేలు

పెద్దమాస్టారి కుడిచేతి వణుకు సంగతి చెబితే ఎవరూ నమ్మరు. ఆయన టీ గ్లాసు ఎత్తితే నోటిదాకా వచ్చేది సగమే. మిగతా సగం చొక్కాకీ, కుర్చీకీ, పక్కన కూర్చున్నవాడికీ పంచిపెట్టేవారు. ఒకసారి పొరుగింటి గోడగడియారం ఆగిపోతే, ఈయన చూపుడువేలు ముల్లుకి ఆనించి మూడు రోజులు నడిపించారని చెప్పుకుంటారు. మూడు రోజులంటే మరీ ఎక్కువ. ఒకటిన్నర రోజు అనుకుందాం.

యాభై ఏళ్లు కత్తెర పట్టిన చెయ్యి అది. నాలుగేళ్ల కిందట వణుకు పట్టుకుంది. అప్పుడు కత్తెర కొడుక్కి వెళ్లింది, ఆయన వెనకగదిలో కర్రకుర్చీలోకి వెళ్లారు. ముందుగదిలో బట్టలు కుట్టే దుకాణం, వెనకగదిలో సంసారం, మధ్యలో ఒక తెర. కొడుకుని అందరూ చిన్నమాస్టారు అనేవారు. నలభై రెండేళ్లొచ్చి, ముందు పొట్టా వెనక బట్టతలా వచ్చినా ఇంకా చిన్నమాస్టారే.

"డాక్టరుకి చూపిద్దామేమిట్రా" అని తండ్రి అడిగినప్పుడల్లా, "వయసు నాన్నా, ఏం చేస్తాం" అనేవాడు చిన్నమాస్టారు, ఫోనులోంచి తల ఎత్తకుండా.

ఆ ఫోనులో అతనికి వేరే జీవితం ఉంది. అక్కడ అతను చిన్నమాస్టారు కాదు, ఉక్కుపిడికిలి. పన్నెండుమంది కలిసి ఒక కోటని కాపాడే ఆట అది. ఎవరు ఏ ఊళ్లో ఉంటారో తెలియదు, గొంతులు మాత్రం చెవిలో వినిపిస్తాయి. దళానికి నాయకుడు డేగ. ఏటా చివరి యుద్ధం గెలిచిన దళంలోని పన్నెండు పేర్లూ కోటగుమ్మం మీద చెక్కుతారు, సంవత్సరంపాటు లక్షలమంది ఆ గుమ్మం కిందనుంచే వెళతారు. దుకాణం బోర్డు మీద కూడా తండ్రి పేరే ఉన్న మనిషికి ఆ గుమ్మం ఎంత తీపో వేరే చెప్పాలా?

ఆ దళంలో తాబేలు అని ఒకడుండేవాడు. ఆట మధ్యలో వాడి బొమ్మ నిలబడ్డచోటే నిలబడిపోయేది. కదలనివాణ్ణి ఆట తనంతట తానే బయటికి తోసేస్తుంది, కానీ ఎంతసేపటికి తోయాలన్నది దళం ఇష్టం. అప్పటిదాకా పది నిమిషాల గడువు ఉండేది.

"మా అమ్మ మంచంలో ఉందన్నా. అన్నం తినిపించి వచ్చేస్తా. ఐదే ఐదు నిమిషాలు" అనేవాడు తాబేలు.

"చేతులు ఖాళీ లేనివాడికి యుద్ధం ఎందుకోయ్? గరిటె పట్టుకో!" అని ఉక్కుపిడికిలి ఒక్కటేశాడు. పదిమంది పగలబడి నవ్వారు. ఆ ఊపులోనే, "డేగన్నా, గడువు రెండు నిమిషాలకి దించేద్దాం. ఊరికే నిలబడ్డవాణ్ణి మోయడానికి మనమేమన్నా కూలీలమా?" అన్నాడు. చేతులెత్తారు, గడువు దించారు. మర్నాడు మధ్యాహ్నమే, ఒక ముద్దకీ ఇంకో ముద్దకీ మధ్య ఎక్కడో, అప్పటికే రెండుసార్లు బయటపడ్డ తాబేలు ఎగిరిపోయాడు.

ఆ గడువు తన మెడకే చుట్టుకుంటుందని చిన్నమాస్టారికి వారం తిరక్కుండా తెలిసింది. చొక్కా కొలతలు రెండు నిమిషాల్లో అవవు. మనిషి పొట్ట లోపలికి లాక్కుని మళ్లీ వదలడానికే ఒక నిమిషం పడుతుంది. రెండుసార్లు బయటపడ్డాడు. ఇంకోసారైతే స్థానం పోతుందన్నాడు డేగ. దాంతో పోరి కోటబురుజు మీద నగారా కొట్టే పని వేయించుకున్నాడు. ఫోను తెరమీద ఎక్కడ తాకినా నగారా మోగుతుంది, అది మోగినంతసేపూ దళానికి బలం. పని సుఖమే, కానీ తాకడానికి ఒక వేలుండాలి. కుట్టుమిషను పెడలుకి తడిగుడ్డ కట్టి ఫోనుకి తగిలించి చూశాడు. ఫోను ఆ గుడ్డని పట్టించుకోలేదు. వంకాయ ముక్క కట్టాడు. నాలుగు దెబ్బలకే అది నలిగిపోయింది.

అలా తల పట్టుకుని కూర్చున్నవాడికి, తెర సందులోంచి, కుర్చీ చేతిమీద టకటకలాడుతున్న తండ్రి వేలు కనిపించింది.

కోటు భుజానికి కొలత తీసినంత శ్రద్ధగా టేపు పెట్టి చూశాడు. కుర్చీ చేతికి ఫోను బిగించాడు. వేలు సరిగ్గా అద్దం మీద పడేలా తండ్రి మణికట్టుని ఎలాస్టిక్ పట్టీతో కట్టాడు.

"ఏమిట్రా ఇది?" అన్నారు పెద్దమాస్టారు.

"డ్యూటీ నాన్నా. నువ్వు ఊరికే కూర్చో. పని అదే అవుతుంది."

నాలుగేళ్లుగా ఆ ముసలాయనకి ఎవరూ పని చెప్పలేదు. పాపం, పొంగిపోయారు. మర్నాడు తెల్లారగానే తలదువ్వుకుని, ఉతికిన చొక్కా వేసుకుని, చెయ్యి చాపి కూర్చున్నారు. "డ్యూటీ ఎన్నింటికిరా?"

ఇక ఆ నగారా మోత వినాలి! అన్నం వేళైనా, కునుకు తీసినా ఆగేది కాదు. నిద్రలో ఇంకా జోరుగా మోగేది. "ఉక్కుపిడికిలీ, మనిషివా యంత్రానివా?" అని మెచ్చుకుని డేగ అతన్ని ఉపనాయకుణ్ణి చేశాడు. సాయంత్రానికి ముసలాయన మణికట్టు మీద ఎర్రటి వాత తేలేది. "కొంచెం వదులు చెయ్యరా" అంటే, "వదులైతే వేలు పక్కకి పోతుంది నాన్నా" అనేవాడు ఉపనాయకుడు.

కోడలు చూసింది. మొగుడితో అంటే గోడతో అన్నట్టేనని తెలిసి, తనే మామగారిని తీసుకెళ్లి పెద్ద డాక్టరుకి చూపించింది. తెల్లటి గుండ్రటి మాత్రల సీసాతో తిరిగొచ్చింది.

"రోజుకి రెండు. పది రోజుల్లో వణుకు బాగా తగ్గుతుందట. నాలుగేళ్ల కిందటే ఎందుకు తీసుకురాలేదని డాక్టరు నాకు చీవాట్లు పెట్టాడు. మీ వంతువి కూడా నేనే తిన్నాను" అంది మొగుడితో.

పెద్దమాస్టారు సీసాని తిప్పి తిప్పి చూశారు. "తగ్గితే టీ గ్లాసు నేనే పట్టుకుంటానమ్మా. ఒలక్కుండా ఒక్కసారి తాగాలి."

చిన్నమాస్టారు వేళ్లు లెక్కపెట్టుకున్నాడు. చివరి యుద్ధం పద్దెనిమిది రోజుల్లో, ఆదివారం. మందు పది రోజుల్లో. "మాత్రలు నేనే వేస్తాలే, నువ్వు మర్చిపోతావు" అని పెళ్లాం చేతిలోంచి సీసా తీసుకున్నాడు. మొగుడికి ఇన్నాళ్లకి తండ్రి మీద ప్రేమ పుట్టిందని ఆ పిచ్చిది సంబరపడింది.

మధ్యాహ్నం దుకాణంలో ఎవరూ లేనప్పుడు, బట్ట మీద గీతలు గీసే తెల్లసుద్దని చిన్న చిన్న బిళ్లలుగా కోశాడు. ఆకురాయితో అంచులు గుండ్రంగా నూరాడు. ఏ గిరాకీకీ కాజాలు అంత నాజూగ్గా కుట్టి ఎరగడు. బిళ్లలు సీసాలోకి వెళ్లాయి, అసలు మాత్రలు గుండీల డబ్బా అడుక్కి వెళ్లాయి.

ఆ పూట తండ్రి నాలుక మీద మొదటి బిళ్ల పెట్టాడు. పెద్దమాస్టారు ఒక్క క్షణం నోరు కదపకుండా కొడుకు వంక చూశారు. తర్వాత నీళ్లు తాగారు.

"చేదుగా ఉందా?"

"లేదురా. అలవాటైన రుచే" అన్నారాయన.

పది రోజులైంది. పన్నెండైంది. వేలు టకటకా కొడుతూనే ఉంది. "తగ్గలేదేమిటి?" అని కోడలు కళ్లనీళ్లు పెట్టుకుంటే, "వయసు. ఏం చేస్తాం" అని చిన్నమాస్టారు నిట్టూర్చాడు. ఎంత బాగా నిట్టూర్చాడంటే, తనకే కాస్త దిగులేసింది.

ఆదివారం రానే వచ్చింది. తండ్రిని కూర్చోబెట్టి, పట్టీ బిగించి, ఫోను పెట్టి, తీగలేని ఇయర్‌ఫోను ఒకటి తన చెవిలో పెట్టుకుని ముందుగదిలోకి వచ్చాడు. ప్లీడరుగారు నల్లకోటు వేసి చూసుకోవడానికి వచ్చి నిలబడ్డారు. చిన్నమాస్టారు నేలమీద మోకాళ్లేసి, ఎనిమిది గుండుసూదులు పెదాల మధ్య పట్టుకుని, కోటు అంచు మడవసాగాడు. చెవిలో నగారా మోగుతోంది. శత్రువులు రెండో గోడ దిగారు. డేగ కేకలేస్తున్నాడు. గెలుపు చేతికందేంత దూరంలో ఉంది.

నగారా ఆగింది.

ముసలాయన చెయ్యి సర్దుకుంటున్నాడేమో అనుకున్నాడు. ఒక సూది గుచ్చాడు. ఇంకా మోగలేదు. కునుకు తీశాడా? కునుకు తీస్తే ఇంకా జోరుగా కొట్టాలే! ఇంతలో చెవిలో గంట కొట్టింది. ముప్ఫై సెకన్లే ఉన్నాయని చెప్పే గంట.

"ఊఁ! ఊఁ ఊఁ!" అని అరిచాడు. నోట్లో ఏడు సూదులున్నాయి మరి.

"ఏమయ్యా, కోటు కుట్టమంటే రాగం తీస్తావే?" అన్నారు ప్లీడరుగారు.

ఒక్కొక్క సూదీ ఊడబీకాడు. తొందరలో ఒకటి పెదవిలోకి దిగింది. లేవబోతే మెడలో టేపు ప్లీడరుగారి బొత్తాముకి చిక్కుకుంది. టేపుతోపాటు ఆయన్నీ నాలుగడుగులు ఈడ్చుకుపోయి, తెర లాగేసి, "నాన్నా, వేలు!" అని కేకేశాడు.

పెద్దమాస్టారు నిద్రపోవడం లేదు. తీరిగ్గా కూర్చుని ఉన్నారు. ఆయన చూపుడువేలు అద్దానికి దారమంత ఎత్తులో ఆగి ఉంది. వణకడం లేదు. గోడకి కొట్టిన మేకులా ఉంది.

దాని కింద ఫోను తెరమీద అక్షరాలు వెలిగాయి: కదలిక లేనందువల్ల మిమ్మల్ని ఆటనుంచి తొలగించాం.

"నాన్నా... నీ చెయ్యి..."

"వారం నుంచి వణకడం లేదురా" అన్నారు పెద్దమాస్టారు, ఎడంచేత్తో పట్టీ విప్పుకుంటూ. "యాభై ఏళ్లు సుద్దని పెదాల మధ్య పెట్టుకుని బతికినవాణ్ణి. నాలుక మీద పెడితే తెలీదనుకున్నావా? నువ్వు ఏది దాచినా గుండీల డబ్బా అడుగునే. ఏడో తరగతి మార్కులూ అక్కడే దాచావు. రోజూ నువ్వు నిద్రపోయాక వెళ్లి రెండేసి వేసుకున్నా."

"మరి ఈ వారమంతా వేలు...?"

"నేనే ఆడించాను. నీకు డ్యూటీ చేసిపెట్టాను. చాలా కష్టంరా, ఊరికే వణికేదే నయం." కుర్చీలోంచి లేచారు. "ఆ గుమ్మం మీద పేరు పడే రోజు ఇదేనని నువ్వు రోజూ ఫోనులో అరుస్తుంటే విన్నాను. అందుకే ఇవాళ్టిదాకా ఆగాను. ముందే ఆపితే ఇంత బాగుండేది కాదు."

తెర పక్కన నిలబడి కోడలు అంతా వింది. పొయ్యి దగ్గరికి వెళ్లి, గ్లాసు నిండా, అంచుదాకా టీ పోసుకొచ్చి మామగారి కుడిచేతికిచ్చింది. పెద్దమాస్టారు కొడుకు మొహంలోకి చూస్తూ, చుక్క ఒలక్కుండా, మొత్తం తాగారు. ఎప్పటికీ అవదేమో అన్నంత నెమ్మదిగా తాగారు.

చిన్నమాస్టారు పెదవి తుడుచుకుంటూ డేగకి ఫోను చేశాడు. అటువైపు ఒకటే కేరింతలు.

"గెలిచాం! పన్నెండు పేర్లూ చెక్కేశారు!"

"అన్నా, నాది? రెండు నిమిషాలే కదన్నా, మా నాన్న..."

"రూలు పెట్టించింది నువ్వేగా తమ్ముడూ. స్థానం ఖాళీ అవగానే తాబేలుని లాగాం. వాడి పేరే పడింది. బ్రహ్మాండంగా కొట్టాడు నగారా."

"తాబేలా? వాడికి చేతులు ఖాళీ ఎక్కడివి?"

"వాళ్లమ్మ పోయిందిగా, మొన్న బుధవారం. ఇప్పుడు ఖాళీయే" అని డేగ ఫోను పెట్టేశాడు.

మర్నాటి నుంచి కత్తిరింపు బల్ల దగ్గర పెద్దమాస్టారు నిలబడ్డారు. కొడుకుని మూల స్టూలు మీద కూర్చోబెట్టి కాజాల పని అప్పగించారు. గోడగడియారం ఎదురుగానే ఉంది. కొడుకు చెయ్యి ఆగి రెండు నిమిషాలైతే చాలు, కత్తెర మొనతో బల్ల మీద టకటకా కొడతారు.

నాలుగోరోజు సూదిలోకి దారం ఎక్కించబోతే చిన్నమాస్టారు చెయ్యి వణికింది. ఇంకోసారి ప్రయత్నించాడు. ఇంకా వణికింది.

"నాన్నా, ఇటు చూడు. నా చెయ్యి..."

పెద్దమాస్టారు బట్ట మీద గీత గీస్తూ తల ఎత్తలేదు.

"వయసురా" అన్నారు. "ఏం చేస్తాం."