పన్నెండో కిటికీ

ఆ పొద్దున్న ఆకాశం రెండు ముక్కలుగా ఉంది. రేవు డాకుల వైపు పెనం అడుగులా నలుపు, మైదానం వైపు గంజి వార్చినట్టు తెలుపు. భాద్రపదంలో కలకత్తా ఆకాశాన్ని నమ్మి బట్టలారేసే ఆడది లేదు. జెరూషా తడిబట్టల బకెట్టు మెట్ల మీద దించి, పైకి ఓసారి చూసి, మళ్ళీ వంటింట్లోకి వచ్చేసింది. అప్పుడే వీధిగదిలోంచి మొగుడి కేక వినిపించింది.

"ఏటే, మిస్త్రీ వొచ్చేడు. రెండు టీలు అట్రా."

సత్యరాజు పోర్టు వర్క్‌షాపులో ఛార్జిమన్. అక్కడ చేతికింద నలభైమంది. ఇంట్లో చేతికింద ఒక్కతే గాని, పని మాత్రం నలభైమందిది. ఖిదిర్‌పూర్‌లో ఈ పాత ఇల్లు కొని మూడు నెలలైంది. ఎనభై ఏళ్ళ కిందట ఎవరో బెంగాలీ బాబు కట్టించుకున్న ఇల్లు. మూరెడు మందం గోడలు, పన్నెండు కిటికీలు, కిటికీలకి ఖొడ్ఖొడి తలుపులు. తలుపు నిండా మూడువేళ్ళ వెడల్పు చెక్కరెక్కలు ఒకదాని మీదొకటి వాలి ఉంటాయి. మధ్యలో నిలువుగా సన్నకర్ర. కర్రని కిందికి లాగితే రెక్కలన్నీ ఒక్కసారి విచ్చుకుంటాయి. లోపలి మనిషికి వీధి కనిపిస్తుంది, వీధికి లోపలి మనిషి కనిపించదు. ఎనభై వానాకాలాలు తాగి ఆ చెక్క పుచ్చిపోయింది. కొత్తవి చేయించి, గోడలకి సున్నం కొట్టించి, పూజా సెలవుల్లో చర్చి పాస్టరు ఎలీయాజరు అయ్యగారిని పిలిచి కొత్తింటి ప్రార్థన పెట్టించాలని సత్యరాజు పంతం.

టీలు తెచ్చేసరికి అతను బల్ల మీద డ్రాయింగు పరిచి ఉన్నాడు. వీధిగది కిటికీ ఒక్కటి కొలిచాడు. మిగతా పదకొండుకీ అదే కొలత. "ఏక్ డ్రాయింగ్, బారా పీస్" అన్నాడు హిందీలో. వడ్రంగి హరాధన్ మిస్త్రీ ముసలివాడు, చెవి మీద పెన్సిలు. కాగితం వంక చూసి, గోడ వంక చూసి, పాత ఇల్లు కదా బాబూ, కిటికీ కిటికీ విడిగా కొలిస్తే మంచిదేమో అని నసిగాడు. సత్యరాజు చెయ్యి విసిరాడు. వంద బోల్టులు ఒకే కొలతకి చేయించేవాడికి పన్నెండు తలుపులు ఒక లెక్కా?

జెరూషా కప్పులు దించుతూ అనేసింది. "మెట్లకాడ కిటికీ కిందికొచ్చేసరికి ముప్పావంగుళం తగ్గిపోతాదండి. పడగ్గదిది ఓరగా ఉంది."

"ఎవులడిగేరే నిన్ను?" అన్నాడు సత్యరాజు. గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేది. "జాకెట్టు గాదే అది, కిటికీ. ఐదో తరగతి సదివి నాకు కొలతలు నేర్పుతావేటి?" మిస్త్రీకి అర్థం కాలేదేమోనని అదే మాట నవ్వుతూ హిందీలో మళ్ళీ చెప్పాడు. మిస్త్రీ నవ్వాడు. పని ఇచ్చేవాడు నవ్వితే చేసేవాడు నవ్వాలి.

మంచం మీద కూచుని తమలపాకు ఈనెలు తీస్తున్న అత్త రోజమ్మ కూడా నవ్వింది. నవ్వి ఊరుకోలేదు. "ఒరే రాజూ, వొంటింటిదానికి రెక్కలెందుకురా? ఆ ఎదురింటి బెంగాలీదాంతో ముచ్చట్లకి కాపోతే? చెక్కపలకలు కొట్టించీ."

"నిజమేనే అమ్మా. అది పలకలే."

"పొగెలా పోతాదండి?" అంది జెరూషా.

సత్యరాజు టీ ఊదుకున్నాడు. మిస్త్రీ ముందు ఉదారంగా కనపడాలనిపించినట్టుంది. "ముందు పదకొండూ సక్కగా కూకోనీ. అప్పుడు సూద్దాం నీ పన్నెండోది."

ఆ మాటని జెరూషా వంటింట్లోకి మోసుకుపోయింది, నిప్పుకణికని గరిటెలో పట్టుకుపోయినట్టు. పదకొండూ చక్కగా కూచుంటే. అంటే కూచోవాలి. ఆ ఒక్క డ్రాయింగుతో కూచోవని ఆమెకి తెలుసు. మూడు నెలలుగా ఆ కిటికీలు తుడిచింది ఆమె, పుచ్చుపొడి గోళ్ళతో గీకింది ఆమె. పాలకొండ మిషను బడిలో కుట్టుపని నేర్పిన టీచరమ్మ మొదటిరోజే చెప్పింది, దేవుడు ఏ మనిషికీ రెండు భుజాలు ఒక్క కొలతతో చెయ్యలేదని, రెండూ కొలవని దర్జీ బట్ట పాడుచేస్తాడని. పదిహేనేళ్ళుగా ఆమె తెలుగు సంఘంలో ఆడవాళ్ళందరికీ జాకెట్లు కుడుతోంది, సత్యరాజు పై ఆఫీసరు భార్యకి ఊరికే కుడుతోంది, క్రిస్మస్‌కి బడిపిల్లలకి గౌన్లు దేవుడి పేరు మీద కుడుతోంది. సరిపోలేదని ఒక్కటీ తిరిగి రాలేదు. ఆ సంగతి ఎవరూ అనరు. తిరిగి రాని పనికి పేరుండదు. ఇల్లు మాత్రం మనిషికి వేరా? ఎనభై ఏళ్ళు నిలబడితే దానికీ ఒక భుజం జారుతుంది. ఈ మాట చెబితే మళ్ళీ నవ్వుతారు. కొడుకులిద్దరూ ఖరగ్‌పూర్ హాస్టల్లో ఉన్నారు. ఉంటే వాళ్ళూ నవ్వేవాళ్ళేమో. పోయిన సెలవుల్లో పెద్దవాడు తండ్రి గొంతుతోనే "నీకు తెలీదులేమ్మా" అన్నాడు.

వంటింటి కిటికీ సందులోకి ఉంది. సందుకు ఆవల, చెయ్యి చాస్తే అందేటంత దూరంలో ఎదురింటి మాలతి వాళ్ళ వంటిల్లు. పొద్దున్నే బొగ్గులపొయ్యి రాజేసి ఆమె అక్కణ్ణుంచి కేకేస్తుంది, "జెరూ! కీ రాన్నా హొచ్ఛే?" ఏం వండుతున్నావని. ఏం వండితేనేం, ఆ ముందున్న పిలుపు కోసం జెరూషా పొయ్యి దగ్గర నిలబడి ఉంటుంది. ఈ ఇంట్లో ఆమె ఏటే, ఒసే, కోడలా. సంఘంలో సత్యరాజు గారి భార్య. రోజు మొత్తంలో ఆమె పేరు పలికేది ఆ ఒక్క గొంతు, అదీ సగమే పలుకుతుంది. ఆ సగం చాలు. పలకలు కొడితే అదీ పోతుంది.

మర్నాడు మధ్యాహ్నం రోజమ్మ కునుకు తియ్యగానే జెరూషా కుట్టు టేపు మెడలో వేసుకుని స్టూలెక్కింది. ఒక్కో కిటికీ పైన, నడుమ, కింద మూడుచోట్ల వెడల్పు, రెండుపక్కలా ఎత్తు, ఆపైన మూలనించి మూలకి. జాకెట్టు కత్తిరింపుల గోధుమరంగు కాగితం మీద రాసుకుంది. రెండో రోజు మేడగది కిటికీ దగ్గర స్టూలు ఒరిగి మోకాలు చిప్ప పగిలినంత పనైంది. చప్పుడికి లేచిన రోజమ్మ కిందనుంచే అడిగింది, "ఏటి పడగొట్టేవే?" పడింది తనేనని జెరూషా చెప్పలేదు. నాలుగు రోజులు కుంటుతుంటే సత్యరాజు భోజనం దగ్గర చూసి, "ఏటా నడక, బాతులాగ?" అన్నాడు.

కొలతలన్నీ అయ్యాక, చెక్క రకం చూపించడానికి వచ్చిన మిస్త్రీ చేతిలో ఆ కాగితం పెట్టింది. సత్యరాజు డ్యూటీలో ఉన్నాడు. ముసలివాడు కాగితం దూరంగా పట్టుకుని చదివాడు. వెళ్ళి రెండు కిటికీలు తన బద్దతో కొలిచి చూసుకుని వచ్చాడు. నూలుపోగంత తేడా లేదు.

"బౌదీ, ఈ పదకొండూ మీ కాగితంతో చేస్తాను. తలుపు కూచోకపోతే చెడిపోయేది నా పేరు," అన్నాడు బెంగాలీలో, వదినని పిలిచినట్టు. "కానీ బాబుకి చెప్పకండి. వంటింటిది మాత్రం బాబు చెప్పిందే. అది నా చేతిలో లేదు."

"ఆయన సూద్దామన్నారు," అంది జెరూషా. ముసలివాడు కాగితం మడిచి సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. బెంగాలీ మాట్లాడుతున్నాననుకుని తను తెలుగులో అన్నట్టు ఆమెకి తర్వాత తట్టింది.

మూడువారాలకి తలుపులు వచ్చాయి. పదకొండూ, తాళంలో చెవి పడ్డట్టు కూచున్నాయి. సత్యరాజు ఒక్కో గదికీ వెళ్ళి కర్ర లాగాడు, తోశాడు. రెక్కలు టపటపమని తెరుచుకున్నాయి, మూసుకున్నాయి. "సూసేవేటే? ఒక్క డ్రాయింగు! ముప్పావంగుళమట, ఓరట!" పక్కింటికి వినిపించేలా అన్నాడు. తల్లిని చెయ్యిపట్టి నడిపించి చూపించాడు. జెరూషా మిస్త్రీ వంక చూసింది. ముసలివాడు సంచిలో ఉలులు సర్దుకుంటూ, "ఆప్నార్ డ్రాయింగ్ ఖూబ్ భాలో, బాబు," అన్నాడు, చాలా బాగుందని. ఆమె వైపు చూడలేదు.

ఆమెకి కోపం రాలేదు. పొగడ్త ఆయనకే పోనీ, తనకి కావల్సింది వేరే. ఆ మధ్యాహ్నం చేపలపులుసు వడ్డించి, రెండో వాయి అన్నం పెట్టి, అతను వేలు నాకేదాకా ఆగి అడిగింది. "పదకొండూ కూకున్నాయి కదండీ. పన్నెండోది సూద్దామన్నారు."

సత్యరాజు తల ఎత్తాడు. ఆ మాట నిజంగా మర్చిపోయాడు, గుర్తొచ్చింది, ముచ్చటపడ్డాడు. "కూకోకపోతే కదే నీ మాట వినాల. నా కొలత కూకుంది. నమ్మనిదానికి కిటికీ ఎందుకు?"

రోజమ్మకి నవ్వాగక పొలమారింది. జెరూషానే మంచినీళ్ళు అందించింది.

సాయంత్రం పలకల తలుపు వచ్చింది. దానికి మాత్రం సత్యరాజు డ్రాయింగే. గూటికంటే పావంగుళం వెడల్పు ఎక్కువైంది. చిత్రిక పట్టి తెస్తాను బాబూ అన్నాడు మిస్త్రీ. "ఎందుకు? తెరిసేది గాదు గదా. కొట్టు," అన్నాడు సత్యరాజు. మిస్త్రీ సుత్తి ఎత్తాడు. దెబ్బదెబ్బకీ గోడసున్నం పెచ్చులు లేచి పొయ్యి మీది పప్పుగిన్నెలో పడ్డాయి. అవతల మాలతి గొంతు, "జెరూ, కీ హోలో? ఓ జెరూ!" ఏమైందని ఆదుర్దాగా వినిపించింది. నాలుగో దెబ్బకి ఆ గొంతు దూరమైంది, ఆరో దెబ్బకి లేదు. జెరూషా గిన్నె దించి, పప్పు పారబోసి, మళ్ళీ కడిగి పెట్టింది.

ప్రార్థన రోజున ముప్పైమంది వచ్చారు. జెరూషా తెల్లారకముందే పొయ్యి రాజేసింది. ముప్పైమందికి మాంసం, పప్పు, అన్నం. పొగ పోయే దారి లేదు. గరిటె పట్టుకుని కళ్ళు మూసుకునే వండింది. వీధిగదిలోకి వచ్చేసరికి కళ్ళు రెండూ చింతనిప్పులు. "కొత్తిల్లు సూసుకోని ఏడుస్తంది, ఆనందం," అని రోజమ్మ ఆడవాళ్ళకి చెప్పింది.

అయ్యగారు వాక్యం చెప్పాక ఇంటి యజమాని లేచి సాక్ష్యం చెప్పాలి, దేవుడు తనకి చేసిన మేలు పదిమందిలో ఒప్పుకోవాలి. సాక్ష్యం చెప్పేవాళ్ళ మాటకి ఎవరూ అడ్డు రాకూడదు. అది దేవుడి ముందు మాట. పిల్లవాడైనా అంతే, ఆడదైనా అంతే. సత్యరాజు లేచాడు. వర్క్‌షాపు సంగతి చెప్పాడు, ఇంటి సంగతి చెప్పాడు, కిటికీల దగ్గరికి వచ్చాడు.

"ఒక్క డ్రాయింగు ఏసేను. మా ఆవిడ నమ్మలేదు. జాకెట్టుకి కొలిసినట్టు కొలవమంది. దేవుడు నా పక్కన నిలబడ్డాడు, పదకొండూ కూకున్నాయి. ఆడదాని మాట ఇన్న ఆదాము ఏటయ్యాడో మనకి తెలుసు గదా!"

గది గొల్లుమంది. అయ్యగారు కూడా పెదవి బిగపట్టి నవ్వాడు. అందరూ స్తోత్రం అన్నారు. ఆడవాళ్ళు వెనక్కి తిరిగి జెరూషాని చూసి నవ్వారు. వాళ్ళు తొడుక్కున్న జాకెట్లన్నీ ఆమె కుట్టినవే.

"ఇంకెవరైనా సాక్ష్యం చెప్పేవాళ్ళు ఉన్నారా?" అని అడిగాడు అయ్యగారు. ప్రతిసారీ అడుగుతాడు. ఎవరూ లేవరు. అడిగి పాటల పుస్తకం తీస్తాడు.

జెరూషా లేచింది. లేచినట్టు ఆమెకే ఆలస్యంగా తెలిసింది.

"ఈ ఇంట్లో పదకొండు కిటికీలు నేను కొలిసేను," అంది. "మధ్యాన్నం పూట, స్టూలెక్కి, ఒక్కోటి మూడేసి చోట్ల. మిస్త్రీకి కాగితం నేనిచ్చేను. ఆ తలుపులు నా కొలతతో చేసినవి."

"కూకోయే," అంది రోజమ్మ. అయ్యగారి చూపు అత్త మీద పడింది. సాక్ష్యానికి అడ్డు రాకూడదని సంఘంలో అందరికంటే ఎక్కువ చెప్పేది ఆమే. నోరు మూసుకుంది. సత్యరాజు సగం లేచి, ముప్పైమందినీ చూసి, అలాగే సగంలో ఆగిపోయాడు.

"వారి డ్రాయింగుతో చేసింది ఒక్కటే, వంటింట్లోది," అంది జెరూషా. "దాన్ని సుత్తితో కొట్టి ఇరికించేరు. అదింక తెరుసుకోదు. మీరెల్లి సూడొచ్చు."

కూచుంది. సాక్ష్యం అయ్యాక అందరూ స్తోత్రం అనాలి. ఎవరూ అనలేదు. చెవులు సరిగా వినిపించని ఒక ముసలమ్మ మాత్రం అలవాటు కొద్దీ అంది. ఆ ఒక్క స్తోత్రం గది మధ్యలో పడి అక్కడే ఉండిపోయింది. వంటింట్లోకి వెళ్ళి ఎవరూ చూడలేదు. చూడక్కరలేకుండా పొగ గుమ్మం దాటి వీధిగదిలోకి వస్తూనే ఉంది.

అయ్యగారు పాట మానేసి ముగింపు ప్రార్థన చేసేశాడు. విస్తర్లు వేశారు. వచ్చిన ఆడవాళ్ళే వడ్డించారు. మగవాళ్ళ బంతి లేచాక ఆడవాళ్ళు తింటారు, అందరికంటే చివర ఇంటి కోడలు. జెరూషా సాలాకు విస్తరి ఒకటి తెచ్చుకుని, మగవాళ్ళ బంతిలో సత్యరాజు ఎదురుగా చోటుంటే అక్కడ కూచుంది. వడ్డించే చెయ్యి ఒక్క క్షణం ఆగింది, తర్వాత ఆమె విస్తట్లోనూ అన్నం పెట్టింది. సత్యరాజు చూశాడు. లేచి పొమ్మనాలంటే ముందు పిలవాలి. ఏమని పిలవాలో ముప్పైమంది ఎదుట అతనికి తెలియలేదు. తలవంచి అన్నం కలిపాడు.

అందరూ తిన్నారు. పొగలో కళ్ళు మూసుకుని వండిన కూర, దాంట్లో ఉప్పు పడలేదు. మొదటి ముద్దకే ఆ సంగతి బంతిలో ప్రతి నోటికీ తెలిసింది. ఉప్పు గిన్నె జెరూషా కుడిచేతి పక్కనే ఉంది. ఎవరూ అడగలేదు.