కప్పల పాట, ఖాళీ గదులు

పిన్నికి కప్పలంటే ప్రాణం. వానలు పడితే చాలు, మైకులు భుజాన వేసుకుని మడుగుల వెంట తిరుగుతూ వాటి బెకబెకలు రికార్డు చేస్తుంది. నిన్న సాయంత్రం డిస్కు నిండిందని పీకేసరికి మెషీను గుడ్లు తేలేసింది. అందులో ఉన్న పాట సగం గల్లంతు. ఆ మెషీనులో డిస్కును నడిపే ప్రోగ్రాము, అదే డ్రైవరు, రాసింది పిన్ని అక్కకూతురే.

"నీకన్నా పాములు నయమే, ఒక్కో కప్పనే మింగుతాయి," అంటూ పిన్ని మెషీనును ఆఫీసు బల్ల మీద దించింది. "పచ్చకప్ప వాన వెలిసే వేళే అరుస్తుంది. ఇవాళ తప్పితే మళ్ళీ ఏడాదే."

"పీకేముందు అడగొచ్చుగా పిన్నీ?"

"ఎవర్నే, కప్పనా?"

పిన్ని వెళ్ళిపోయాక అక్కకూతురు డిస్కు తగిలించడం, పీకడం మొదలుపెట్టింది. కిటికీ మీద జారే వాననీడలు తెర మీద ఈదుతున్నాయి. గది మొత్తం నీటి అడుగున ఉన్నట్టుంది.

డిస్కు తగిలించగానే డ్రైవరు దానికి మెమరీలో ఒక గది కడుతుంది. లోపలికి వెళ్ళే ప్రతి పనికీ లెక్కలో ఒకటి కలుపుతుంది, అది బయటికొస్తే ఒకటి తీసేస్తుంది. ఆఖరి పని బయటికొచ్చి లెక్క సున్నా అయ్యాకే గది కూల్చాలి. ఇక్కడ ఎవరో లోపల ఉండగానే కప్పు కూలిపోతోంది.

"లెక్కలో ఊరికే ఒకటి కలిపెయ్ అమ్మాయ్, గది కూలనే కూలదు," అన్నాడు పక్క సీటు పెద్దాయన.

కలిపింది. మెషీను ఆగిపోలేదు. కానీ డిస్కు పీకినప్పుడల్లా ఒక ఖాళీ గది మిగిలిపోతోంది. ఆమె కళ్ళ ముందు ఒక వీధి పెరుగుతూ పోయింది: అన్నీ లైట్లు వెలిగే గదులే, మనుషుల్లేరు.

"పోయిన డిస్కులన్నీ దెయ్యాలై తిరుగుతున్నాయి సార్."

"తిరగనీ. నిన్నేమైనా పీక్కుతింటున్నాయా?"

"మెమరీని తింటున్నాయి. పచ్చకప్ప నోరు తెరిచేసరికి మెషీను నోరు మూస్తుంది."

కలిపింది తీసేసి, లెక్కలో పడకుండా లోపలికి దూరుతున్నదెవరా అని ఒక్కో పని వెనకే నడిచింది. దొరికింది. రాసిందంతా నిజంగా డిస్కుకి చేరిందా అని చివర్లో అడిగి వచ్చే పని అది. గుమ్మంలో నిలబడి పలకరించి పోయేదే కదా, దానికి లెక్కెందుకని డ్రైవరు రాసినప్పుడు తనే బద్ధకించింది. అదేమో తీరిగ్గా కూర్చుని జవాబు కోసం ఎదురుచూస్తోంది. అది లోపలికి వెళ్ళేటప్పుడు లెక్కలో ఒకటి కలిపి, వచ్చేటప్పుడు ఒకటి తీసేసేలా రాసింది. ఈసారి మెషీనూ ఆగలేదు. ఖాళీ గదులు ఒక్కటీ మిగల్లేదు.

పొద్దుగూకే వేళకి పిన్నీ అక్కకూతురూ మడుగు గట్టున తడిగడ్డిలో కూర్చున్నారు. చినుకులు పలచబడ్డాయి. రెల్లుదుబ్బులోంచి గాజులు రాసుకున్నట్టు సన్నటి చప్పుడు మొదలైంది. సరిగ్గా అప్పుడే డిస్కు నిండింది.

"పీకనా?" అడిగింది పిన్ని, డిస్కు మీద చెయ్యి వేసి.

"పీకు," అంది అక్కకూతురు, తెర మీంచి చూపు తిప్పకుండా.

పిన్ని పీకి, కొత్తది తగిలించింది. తెర మీద పాట తాలూకు గీత ఎక్కడా తెగకుండా వణుకుతూ సాగింది. కప్ప అరుస్తూనే ఉంది.