ఎర్రదీపం పెట్టె

ఎసెన్‌కుల్ మోచేతిదాకా తడిగుడ్డ చుట్టుకుని తందూరు గోడకు చివరి రొట్టె అంటించాడు. పెళ్ళికి ముందు నుంచీ కిర్గిజ్ దేశపు బిష్కెక్ నగరంలో, బజారు మూల ఇదే పని. ఆ కుడిచేతి మీద వెంట్రుక మొలవడం ఎప్పుడో మానేసింది. రొట్టెలు కాలగానే చేతి గుడ్డ విప్పి దులిపి, టోపీ సర్దుకుని, పాత సామాన్ల సందులోకి నడిచాడు.

ఇంట్లో భార్య బురుల్ వసంతం నుంచీ మంచంలోనే ఉంది. డాక్టరు చేతులెత్తేశాడు. వయసులో ఉన్నప్పుడు ఆమె కుట్టు ఫ్యాక్టరీ బృందంలో పాడేది. ఆ బృందం రికార్డులో నాలుగు చరణాలు ఆమె ఒక్కతే పాడింది. మొన్న ఉన్నట్టుండి, "ఒక్కసారి నా గొంతు వినాలనుందయ్యా" అంది. ఆ రికార్డూ, దాన్ని తిప్పే యంత్రమూ ఇంట్లో ఉన్నాయి గానీ, యంత్రానికి గొంతునిచ్చే రేడియో ఏనాడో కాలిపోయింది. పై అంతస్తులో ఉండే లారిసా ఊరు వదిలి వెళ్తూ తన యాంప్లిఫయరూ స్పీకర్లూ ఇచ్చిపోయింది. "మధ్యలో ఫోనో ప్రీయాంప్లిఫయర్ ఉండాలి, బాబాయ్. సూది తెచ్చే సన్నటి శబ్దాన్ని పెంచే చిన్న పెట్టె. లేకపోతే దోమ పాడినట్టుంటుంది" అని కూడా చెప్పింది.

పాత సామాన్లు అమ్మే రవిల్ అలాంటి పెట్టెలు రెండు ముందు పెట్టాడు. ఒకటి కొత్తది, వెండిరంగుది, పల్చగా ఉంది. రెండోది పాతది, ఇటుకంత బరువు, ముందు ఎర్రదీపం. ఎసెన్‌కుల్ వెనక్కి తిప్పి చూశాడు. ఇంట్లో యంత్రానికున్న అయిదు ముళ్ళ ప్లగ్గు సరిగ్గా పట్టే రంధ్రం పాతదానికే ఉంది.

"ఇదే."

"అన్నా, ప్లగ్గు చూసి కొంటావా? ఆ కాలం యంత్రాలు కొన్నింట్లో ఈ పెట్టె లోపలే ఉంటుంది. విప్పి చూశావా?"

"మా ఇంటి యంత్రం సంగతి నువ్వు చెప్పాలా? కట్టు."

మధ్యాహ్నం అన్నీ తగిలించి సూది దించాడు. గది దద్దరిల్లింది. ఆడవాళ్ళ పాట ఎద్దుల మందలా రంకెలు వేసింది. బురుల్ గొంతు వచ్చేసరికి ఎవరో మొరటు మగాడు పెళ్ళికూతురి పాట పాడుతున్నట్టుంది.

బురుల్ పొట్ట పట్టుకుని నవ్వింది. నెలల తరబడి వినని నవ్వు. "ఓ ముసలోడా! నన్ను ఎద్దును చేశావు కదయ్యా!"

"నోర్ముయ్, ముసలిదానా" అన్నాడు గానీ అతనికి ఏడుపొచ్చినంత పనైంది. రవిల్ మాట నిజమే. యంత్రం లోపల ఒకసారి, ఈ పెట్టెలో ఒకసారి, శబ్దం పెంచే పని రెండుసార్లు జరుగుతోంది. కసిగా పెట్టె పీకేసి, ప్లగ్గును నేరుగా యాంప్లిఫయరుకున్న అలాంటి రంధ్రంలోనే గుచ్చాడు.

ఈసారి పాట చక్కగా వచ్చింది. నాలుగు చరణాల దగ్గర బురుల్ పెదాలు కదిలాయి. పద్దెనిమిదేళ్ళ పిల్ల గొంతు గదంతా తిరిగింది. అతను ఆమె పాదాల దగ్గరే కూర్చుండిపోయాడు.

"పెట్టె రేపు తిరిగిచ్చేస్తాను."

"వద్దు. నన్ను నవ్వించింది, ఉండనీ. టీ పెట్టు."

టీతోపాటు పొద్దుటి రొట్టె తుంచి తెచ్చేసరికి ఆమె గోడవైపు తిరిగి ఉంది. నిద్రపోయిందనుకున్నాడు. గిన్నె కింద పెట్టి భుజం తట్టాక తెలిసింది.

ఇప్పుడు ప్రతి గురువారం, పోయినవాళ్ళకు వాసన అందాలని నూనెలో బోర్సోక్ అనే పిండిముక్కలు వేయిస్తాడు. పొయ్యి వెలిగించే ముందు పెట్టె మీట నొక్కుతాడు. కిటికీ గట్టున, కరెంటు తీగ తప్ప మరే తీగా తగిలించని ఆ పెట్టెకు ఎర్రదీపం వెలుగుతూ ఉంటుంది.