లేరుగారి ఆఖరి రోజు

"సార్ లేరండీ."

ఇత్తడి గొళ్ళాన్ని గుడ్డతో రుద్దుతూ, తల తిప్పకుండానే అన్నాడాయన. ఎంపీగారి గది ముందు జవానుగా చేరిన నాటి నుంచి ఆ మాట ఎన్నిసార్లు అన్నాడో లెక్కే లేదు. అందుకే ఆ భవనంలో అందరూ ఆయన్ని లేరుగారనే పిలుస్తారు. సన్నటి మనిషి. లేచి కూర్చుని, లేచి కూర్చుని మోకాళ్ళు అరిగిపోయాయి. అబద్ధం చెప్పేటప్పుడు ఆయన చూపు ఎదుటివాళ్ళ చెప్పుల మీద ఉంటుంది.

ఇవాళ్టితో ఉద్యోగం ఆఖరు. ఆ చోట్లో అల్లుణ్ణి వేయిస్తానని పి.ఎ. మాటిచ్చాడు. "సాయంత్రం దాకా నోరు జారకు, చాలు" అని పొద్దున్నే నవ్వుతూ హెచ్చరించాడు కూడా. పనిలేక ఇంట్లో ముఖం చాటేస్తున్న అల్లుడు ఈ కబురు విన్న పూట కడుపునిండా తిన్నాడని కూతురు చెప్పింది.

ఎదురుగా బల్ల మీద మూడు చిన్న ఊళ్ళ మేయర్లు పొద్దుటి నుంచీ కూర్చునే ఉన్నారు. సోలార్ కరెంటు పెట్టుకునే ఊళ్ళకు ప్రభుత్వమిచ్చే సాయం ఉంచాలా, తీసేయాలా అన్నది మధ్యాహ్నం కమిటీలో తేలుతుంది. కమిటీ సభ్యులు అటూ ఇటూ సమానంగా ఉన్నారు. ఏ సంగతీ చెప్పనిది ఈ ఎంపీ ఒక్కడే.

ముగ్గురిలో మేయరమ్మ పూర్వం నర్సు. లేచి దగ్గరికొచ్చింది.

"అన్నా, మా ఆసుపత్రి కప్పు మీద సోలార్ పలకలు సగం వేసి ఆగాం. సాయం ఆపేస్తే ఇక ఆ సగమే. మొన్న పురుడు పోస్తుంటే కరెంటు పోయింది. సెల్‌ఫోన్ వెలుగులో బిడ్డను తీశాం. తల్లి బతికింది, బిడ్డ దక్కలేదు. ఆ ఒక్క మాటా సారుకి చెప్పి పోతాం."

"లేరమ్మా."

సరిగ్గా అప్పుడే లోపల ఎంపీ దగ్గాడు. ముగ్గురూ విన్నారు.

మేయరమ్మ గొంతు పెంచలేదు. "పర్లేదన్నా, మీ ఉద్యోగం మీది" అని వెళ్ళి కూర్చుంది.

తిట్టినా బాగుండేది. తిట్లు దులిపేసుకోవడం ఆయనకు అలవాటే.

కమిటీ గంట మోగింది. కారు భవనం వెనక పెట్టించానని పి.ఎ. తలుపు సందులోంచి సైగ చేసి లోపలికి పోయాడు. లేరుగారికి కూతురు ముఖం కళ్ళలో మెదిలింది. గుడ్డ జేబులో కుక్కుకుని గబగబా బల్ల దగ్గరికి నడిచాడు.

"వరండా చివర చిన్న మెట్లున్నాయి. సార్ వెనక తలుపులోంచి అటే దిగుతారు. పరిగెత్తండమ్మా!"

మేయరమ్మ చెప్పులు చేత పట్టుకుని పరుగు తీసింది.

ఆయన కిటికీలోంచి చూశాడు. ఎంపీ కారు తలుపు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. మేయరమ్మ ఏదో చెబుతోంది. ఎంపీ వాచీ చూసుకున్నాడు. కాసేపటికి ఆ చెయ్యి తలుపు మీంచి కిందికి దిగింది.

సాయంత్రం పి.ఎ. ముఖం గంటు పెట్టుకుని వచ్చాడు.

"సాయం ఉంచేశారు. మనాయనే చెయ్యెత్తాడు. వాళ్ళకి మెట్లు చూపించిందెవరు?"

"నేనే సార్."

"కనీసం తెలీదని అబద్ధమైనా చెప్పలేవా?"

"ఇన్నాళ్ళూ చెప్పాను కద సార్."

"అయితే మీ అల్లుడి సంగతి ఇక మర్చిపో."

లేరుగారు తల ఊపాడు. తాళంచెవి బల్ల మీద పెట్టి, కూతురికి ఏమని చెప్పాలో గొణుక్కుంటూ మెట్లు దిగిపోయాడు. ఎవరూ వెనక్కి పిలవలేదు.

తలుపు పక్క స్టూలు మీద, ఆయన భార్య పాత దుప్పటితో కుట్టిచ్చిన మెత్త ఉండిపోయింది. దాని మధ్యలో ఆయన కూర్చున్న గుంట ఇంకా పూడలేదు.